పాఠకుల ప్రశ్నలు, మా సమాధానాలు: స్నానాల రేవుల్లో పాత నాణేలు

గత నెల ఈ శీర్షికలో మద్రాసు ప్రెసిడెన్సీ నాటి రాగి నాణేల గురించి ఒక చిన్న జవాబు ప్రచురించిన తరువాత నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే సంగతి అడిగాయి. ఈతకూ స్నానానికీ జనం దిగే చోట మెటల్ డిటెక్టర్‌తో పాత నాణేలు వెతకవచ్చునా, వెతికితే దొరుకుతాయా, దొరికితే ఏమి చేయాలి అన్నదే ఆ ప్రశ్న. వాటిలో అయిదు ఉత్తరాలకు ఇక్కడ సమాధానం ఇస్తున్నాను. మొదటి ఉత్తరం కొంచెం పొడుగైనది. అందులోని వివరాలు అందరికీ పనికివచ్చేవి కనుక పెద్దగా కుదించలేదు.

ప్రశ్న: అయ్యా, దుబాయిలో పని చేస్తున్న మా బావగారు సెలవుకు వచ్చినప్పుడు నాకు ఒక మెటల్ డిటెక్టర్ తెచ్చి ఇచ్చారు. కార్తీక పౌర్ణమి స్నానాలు అయిపోయిన తరువాతి వారం దానిని తీసుకొని మైపాడు వెళ్లాను. పొడి ఇసుకలో బాగానే పని చేసింది గాని, అల తడిపే చోటికి వెళ్లేసరికి కాయిల్ (నేల మీద తిప్పే అడుగు పళ్లెం) ఎక్కడ పెట్టినా ఒకటే మోత. రెండు రోజులలో నాకు దొరికినవి రూపాయి, రెండు రూపాయల బిళ్లలు ఇరవై మూడు, వలలకు కట్టే సీసపు గుండ్లు పద్నాలుగు, నడుమ చిల్లి ఉన్న పాతకాలపు కాని నాణెం ఒకటి. సీసా మూతలకైతే లెక్కే లేదు. యంత్రంలో లోపమా, నాలో లోపమా? పాత నాణేలు ఇంకా ఉంటాయా? ఉంటే ఎక్కడ వెతకాలి?
(కొడవలూరు మండలం నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: యంత్రంలో లోపం లేదు, మీలోనూ లేదు. ఆ గోలంతా ఉప్పు వల్ల వచ్చింది. డిటెక్టర్ కాయిల్‌లో రెండు తీగచుట్టలు ఉంటాయి. ఒకటి సెకనుకు కొన్ని వేల సార్లు దిశ మారే అయస్కాంత క్షేత్రాన్ని నేలలోకి పంపుతుంది. ఆ క్షేత్రంలో లోహం ఏదైనా ఉంటే దానిలో సన్నని విద్యుత్ ప్రవాహాలు సుడులుగా పుట్టి, తిరిగి తమ సొంత క్షేత్రాన్ని వెదజల్లుతాయి. రెండవ చుట్ట దానిని పట్టుకుంటుంది. పంపినదానికీ తిరిగి వచ్చినదానికీ నడుమ ఉన్న ఆలస్యాన్ని బట్టి అది ఇనుమో, రాగో, వెండో యంత్రం అంచనా కడుతుంది. అందుకే చాలా యంత్రాలలో వెండికీ రాగికీ కీచుమనే పై స్వరమూ, ఇనుముకు బొంగురు స్వరమూ వినిపిస్తాయి. అయితే ఉప్పునీరు కూడా విద్యుత్తును మోస్తుంది కనుక, అల తడిపిన ఇసుక యావత్తూ ఆ యంత్రానికి పరచిన రేకులాగా తోస్తుంది. పెన్నలో మోకాటిలోతు నీటిలో పెట్టినా ఈ గోల ఉండదు, ఎందుకంటే అది మంచినీరు.

దీనికి తోడు మన తీరాన నల్ల ఇసుక ఉంది. అల వెనక్కు తగ్గినప్పుడు తెల్ల ఇసుక మీద చారలుగా మిగిలే ఆ నల్లని పొడిని దోసిట్లోకి తీసుకొని చూడండి, మామూలు ఇసుక కన్నా బరువు తెలుస్తుంది. అందులో ఇల్మనైట్, మాగ్నటైట్ వంటి ఇనుము కలిసిన ఖనిజాలు ఉంటాయి. ఒక అయస్కాంతాన్ని కాగితంలో చుట్టి ఆ పొడిలో తిప్పితే కాగితానికి మీసాలు మొలుస్తాయి. ఉప్పు ఒక వైపు, ఈ ఖనిజం మరొక వైపు లాగుతుంటే, ఒకే పౌనఃపున్యంతో పని చేసే చవక యంత్రం ఏది నేలో ఏది లోహమో తేల్చుకోలేక అరుస్తుంది.

చేయవలసినవి పెద్ద పనులేమీ కావు. సున్నితత్వాన్ని మూడవ వంతు తగ్గించండి. తడి ఇసుక మీదనే నిలబడి, లోహం లేదని తేలిన ఒక చోట కాయిల్‌ను జానెడు ఎత్తు నుంచి నేల దాకా నాలుగైదు సార్లు పైకీ కిందికీ ఆడించి, యంత్రాన్ని ఆ నేలకు సరిచేయండి. పొడి ఇసుకలో సరిచేసిన కొలత తడి ఇసుకకు పనికిరాదు. తరువాత సముద్రం వైపు నుంచి గట్టు వైపుకు కాక, నీటి అంచు వెంబడే నడవండి. అలా నడిచినప్పుడు కాళ్ల కింద తడి ఒకే పాళంగా ఉంటుంది, యంత్రమూ తొందరపడదు. ఇంత చేసినా రూపాయి బిళ్లంత నాణెం జానెడు లోతులో ఉంటే వినిపించడమే మీ యంత్రానికి గొప్ప. ప్రకటనలలో రాసే మీటర్ల లోతులు బిందెలకూ పెట్టెలకూ సంబంధించినవే గాని నాణేలకు కావు. ఇంకొక మాట, కాయిల్ నీటిలో మునిగినా ఫరవాలేదు గాని, పిడి దగ్గరి పెట్టె చాలా యంత్రాలలో తడిని తట్టుకోదు. ఒక్క అల చాలు.

ఇక ఎక్కడ వెతకాలన్న ప్రశ్నకు వద్దాం. స్నానాల రేవులో లోహం మూడు విధాలుగా నేలలో చేరుతుంది: జారిపోయినది, జనం కావాలని వేసినది, ఎవరో దాచినది. ఈ మూడింటినీ వేరు చేసుకోగలిగితే వెతకడంలోనే కాదు, తరువాత వచ్చే చిక్కులలోనూ సగం తీరుతాయి. బట్టలు విప్పి పెట్టుకొనే పొడి ఇసుకలో దొరికేది జేబుల నుంచి జారిన ఇప్పటి చిల్లర. అల విరిగే చోట, మోకాటికీ నడుముకూ నడుమ లోతులో, చల్లబడి సన్నబడిన వేళ్ల నుంచి ఉంగరాలు జారుతాయి. కార్తీక, మాఘ పౌర్ణములకు సముద్ర స్నానానికి వచ్చిన ముత్తయిదువలు పసుపు కుంకుమలతో పాటు నీటిలోకి విసిరే కాసు కూడా ఆ పరిసరాలలోనే పడుతుంది. దాచినది మాత్రం స్నానాల రేవులో ఉండడం అరుదు. రోజూ వంద మంది తిరిగే చోట లంకెబిందెలు పాతిపెట్టే అమాయకుడు ఉండడు.

పడిన నాణెం పడిన చోటనే ఉండదు. అల తాకిడికి ఇసుక ఉడుకుతున్న అన్నంలాగా కదులుతూ ఉంటే, బరువైన లోహం కొంచెం కొంచెంగా కిందికి దిగి గుల్లల పొర మీదనో బంకమన్ను మీదనో ఆగుతుంది. కనుక మామూలు రోజులలో పాత నాణెం మీ జానెడు లోతుకు అందదు. అది అందే రోజులు వేరు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వాయుగుండాలు వచ్చి పోయిన మరునాడు, సముద్రం దరిని కోసివేసి నిలువెత్తు మెట్టు మిగిల్చినప్పుడు, పై ఇసుక కొట్టుకుపోయి గుల్లలు బయటపడిన చోట వెతకండి. అమావాస్యకో పౌర్ణమికో బాగా పాటు పట్టిన, అంటే నీరు వెనక్కు తగ్గిన వేళ కలిసివస్తే మరీ మంచిది. తుపాను హెచ్చరిక ఎత్తివేయక ముందు మాత్రం దరికి వెళ్లవద్దు, నాణెం ఎక్కడికీ పోదు.

మీకు దొరికిన చిల్లి కాని 1943 నుంచి 1947 దాకా ముద్రించినది. రెండవ ప్రపంచ యుద్ధ కాలంలో లోహాన్ని పొదుపు చేయడానికి నడుమ బిళ్లను తీసివేశారు. మొలతాటికి గుచ్చుకోవడానికి మన పిల్లలకు అది వరమైంది. అది ఎంత లోతులో దొరికిందో, చుట్టూ ఏముందో రాసి ఉంచారా? రాయకపోతే ఇక ముందైనా రాయండి. 1940ల నాటి పొర ఆ లోతులో ఉన్నదని తెలియడం, ఆ నాణెం కన్నా మీకు ఎక్కువ ఉపయోగపడుతుంది.

సీసపు గుండ్లను గురించి ఒక హెచ్చరిక. పద్నాలుగింటినీ పారవేయకముందు ఒకసారి కడిగి వెలుతురులో చూడండి. శాతవాహనులు క్రీస్తు శకం 2వ శతాబ్దంలో, పులుమావి, యజ్ఞశ్రీ శాతకర్ణి కాలాలలో, రెండు తెరచాప కొయ్యలున్న ఓడ బొమ్మతో నాణేలు వేశారు. అవి ఈ కోరమాండల్ తీరం వెంబడి దొరికాయి. వాటిలో చాలా భాగం సీసంవే. అరిగి బూడిదరంగు తిరిగిన అటువంటి బిళ్లకూ, సుత్తితో చదును చేసిన వల గుండుకూ దూరం నుంచి తేడా తెలియదు. మీ పద్నాలుగూ వల గుండ్లే కావచ్చు, నూటికి తొంభై తొమ్మిది పాళ్లు అవే. అయినా చూడడానికి ఖర్చేమీ లేదు.

జనవరి నుంచి ఏప్రిల్ దాకా పోటు గీత పైన ఉన్న ఇసుకను తవ్వవద్దు. ఆలివ్ రిడ్లే తాబేళ్లు రాత్రివేళ వచ్చి మూరెడు లోతు గుంట తీసి, వందకు పైగా గుడ్లు పెట్టి పోయేది అక్కడే. వాటికి వన్యప్రాణి సంరక్షణ చట్టంలో పులితో సమానమైన రక్షణ ఉంది. మిగిలిన రోజులలోనూ తీసిన ప్రతి గుంటనూ కాలితో పూడ్చి, దొరికిన సీసా మూతలను సంచిలో వేసుకొని రండి. పరుగెత్తే పిల్లవాడి కాలు విరగడానికి జానెడు గుంట చాలు.

ప్రశ్న: పెన్న రేవుల్లో మా పిల్లలు తాడుకు అయస్కాంతం కట్టి నీటిలోకి విసిరి రోజుకు యాభై, అరవై రూపాయల చిల్లర తీస్తున్నారు. వేలు పోసి డిటెక్టర్ కొనడం దేనికి?
(ఆత్మకూరు నుంచి ఒక పాఠకుడు)

సమాధానం: కొత్త చిల్లర కోసమైతే మీ పిల్లలదే మంచి పద్ధతి. ఈ శతాబ్దపు రూపాయి, రెండు రూపాయల బిళ్లలలో ఎక్కువ భాగం అయస్కాంతానికి అంటుకొనే ఉక్కువి. రాగి, కంచు, ఇత్తడి, వెండి, బంగారం అంటుకోవు. అంటే ఈస్టిండియా కంపెనీ వారి కాసులు గాని, రాణి బొమ్మ అర్ధణాలు గాని, వెండి రూపాయలు గాని మీ పిల్లల తాడుకు ఎన్నటికీ రావు. ఒక్క మినహాయింపు ఉంది: వెండికి బదులు 1947లో వేసిన నికెల్ రూపాయలూ, స్వాతంత్ర్యం తరువాత వచ్చిన నికెల్ రూపాయలూ అంటుకుంటాయి. కనుక తాడుకు వచ్చినవన్నీ కొత్తవేనని కిరాణా కొట్టుకు చేరవేయకుండా, సంవత్సరం చూసి పంపమని చెప్పండి.

రైలు పెన్న వంతెన మీదికి రాగానే మా నాయనమ్మ కొంగు ముడి విప్పి, అందులోని అణాబిళ్లను కళ్లకద్దుకొని కిటికీ చువ్వల నడుమ నుంచి విసిరేది. సగం సార్లు అది ఇనుప దూలానికి తగిలి ఠంగుమని మోగేది, నీటిలో పడిందో లేదో తెలియదు. ఆమెకు ఆ సందేహం ఎన్నడూ రాలేదు. అటువంటి నాణేలన్నీ వంతెన కిందనే ఉంటాయనుకోవడం పొరపాటు. పెన్న ఇసుకనది, వరద వచ్చిన ప్రతిసారీ పడక మారుతుంది. 2021 నవంబరు వరదకు ఎక్కడి ఇసుక ఎక్కడికి పోయిందో చూసినవారికి ఇది చెప్పనక్కరలేదు. రాతి మెట్ల పాదాల దగ్గర, బండల వెనుక, ఒడ్డు వంపు తిరిగి నీరు నెమ్మదించే లోపలి వైపున మాత్రమే పాత లోహం నిలుస్తుంది. ఇసుక తవ్వకాల గుంతలు నీటి కింద కనిపించవు. నడుము లోతు నుంచి ఒక్క అడుగులో నిలువు లోతు రావచ్చు, కనుక పిల్లలను ఒంటరిగా దిగనివ్వవద్దు.

ప్రశ్న: మా మామగారు బాల్యంలో గుండ్లకమ్మలో ఈదులాడేటప్పుడు తీసిన రాగి బిళ్లలు కొన్ని ఇన్నాళ్లకు అటక మీది డబ్బాలో దొరికాయి. ఒకదాని మీద రెండు సింహాలు డాలును పట్టుకొని ఉన్నాయి, 1808 అని కనిపిస్తున్నది. వెనుక వైపు ఉర్దూ వంటి అక్షరాలున్నాయి. అన్నీ పచ్చగా, నల్లగా ఉన్నాయి. పండుగకు ఇత్తడి సామాను తోముకొనేటప్పుడు వీటిని కూడా చింతపండుతో తోమవచ్చునా? అద్దాల పెట్టెలో పెట్టాలని మా వారి కోరిక.
(ఒంగోలు నుంచి ఒక గృహిణి)

సమాధానం: అమ్మా, దయచేసి తోమవద్దు. నాకు పదేళ్ల వయసులో పెన్న ఒడ్డున అయిదవ జార్జి బొమ్మ ఉన్న కాని ఒకటి దొరికింది. ఇంటికి తెచ్చి, మా అమ్మ సామాను తోముకొనే చోట కూర్చొని, చింతపండూ బూడిదా కలిపి అరగంట తోమాను. దీపపు కుందిలాగా మెరిసింది. రాజుగారి ముక్కు పోయింది, సంవత్సరం పోయింది. అది ఏ ఏటిదో ఈనాటికీ నాకు తెలియదు.

దీనికి కారణం చెబుతాను. నేలలోనూ నీటిలోనూ ఏళ్ల తరబడి ఉన్న రాగి మీద ముందుగా ఎర్రని పొర, దాని మీద పచ్చని పొర ఏర్పడతాయి. లోహం లోలోపల తినబడుతున్నా, అక్షరాల గీతలు చాలా సార్లు ఆ పొరలోనే పదిలంగా నిలిచి ఉంటాయి. చింతపండులోని పులుపు ఆ పొరను కరిగించివేస్తే, కింద మిగిలేది గీతలు లేని గరుకు రాగి. మెరుపు వస్తుంది గాని నాణెం పోతుంది. నిమ్మకాయ, సబీనా పొడి, టూత్‌పేస్టు, ఇసుక కాగితం, అన్నీ ఈ కోవలోనివే.

చేయదగినది ఇంతే. మట్టి అంటుకొని ఉంటే బ్యాటరీలకు పోసే డిస్టిల్డ్ నీటిలో రెండు మూడు రోజులు నానవేసి, మెత్తని కుంచెతో, మీ పాపాయి బుగ్గను తుడిచినంత మెత్తగా తుడవండి. గుండ్లకమ్మ మంచినీటి ఏరు కనుక మీ బిళ్లలకు సముద్రపు ఉప్పు బెడద ఉండకపోవచ్చు. సముద్రంలో దొరికిన రాగి, కంచు నాణేలకు మాత్రం ఇది చాలదు. వాటి రంధ్రాలలో చేరిన ఉప్పు, గాలిలోని తేమతో కలిసి, లేత పచ్చని పొడి చుక్కలుగా పైకి పొంగుతూ నాణేన్ని లోపలి నుంచి తినివేస్తుంది. గోటితో గీరితే పిండిలాగా రాలుతుంది. అటువంటి వాటిని నీరు మారుస్తూ వారాల తరబడి నానబెట్టి, పూర్తిగా ఆరబెట్టాలి. చుక్కలున్న నాణేన్ని మిగిలినవాటితో ఒకే డబ్బాలో ఉంచవద్దు. అద్దాల పెట్టె బాగానే ఉంటుంది గాని, మెత్తని ప్లాస్టిక్ కవర్లలో మాత్రం పెట్టకండి. వాటిలో కొన్ని రకాలు కాలక్రమాన జిగటగా మారి రాగికి పచ్చని జిడ్డు పట్టిస్తాయి. ఒక్కొక్క బిళ్లకు ఒక్కొక్క కాగితపు కవరు చేసి, దాని మీద మీ మామగారు చెప్పినంత మేర, ఏ రేవు, సుమారుగా ఏ సంవత్సరం అని రాసి పెట్టండి. ఆయన ఉండగానే అడిగి రాయించుకోవడం మంచిది.

సింహాల నాణెం ఈస్టిండియా కంపెనీ వారి 20 కాసుల బిళ్ల అయి ఉంటుంది. వెనుక వైపున ఉన్నది పారసీకం. దాని కింద రోమన్ అంకెలలో ఇరవై అని, కాష్ అని ఉన్నదేమో చూడండి. ఇవి మద్రాసు కోసం ఇంగ్లండులో యంత్రాలతో ముద్రించినవి. వీటి కథలో ఒక ముచ్చట ఉంది. 10, 20 కాసుల బిళ్లలను పీపాలలో నింపుకొని మద్రాసుకు బయలుదేరిన అడ్మిరల్ గార్డ్‌నర్ అనే ఓడ 1809 జనవరిలో ఇంగ్లండు తీరం దాటకముందే గుడ్విన్ ఇసుకమేటల మీద చిక్కుకొని మునిగింది. మన సంతలలో ఉప్పూ చింతపండూ కొనవలసిన ఆ కాసులు పరాయి ఇసుకలో నూట డెబ్బై ఏళ్లకు పైగా నిద్రపోయి, 1980లలో గజ ఈతగాళ్ల చేతులలో పైకి వచ్చాయి. పీపాల నడుమ గట్టిగా బిగిసి ఉన్నవి నిన్న ముద్రించినట్లే ఉన్నాయి. అవి అంగడికి పెద్ద సంఖ్యలో చేరాయి కనుక 1808 నాటి బిళ్లకు ధర ఎక్కువ పలకదు. మీ మామగారిది మునిగిన ఓడలోనిది కాదు, అంచు అరిగేదాకా మన చేతులలో తిరిగినది. నా మటుకు నాకు అదే ముద్దు.

ప్రశ్న: మా ఊరి పాత కోనేట్లో ఈతకు దిగిన పిల్లలు మెట్ల కింద రాళ్ల సందులో నుంచి వెండి నాణేలు మూడు తీశారు. వెంటనే కుర్రవాళ్లు డిటెక్టర్ అద్దెకు తెచ్చి రాత్రిపూట వెతుకుదామంటున్నారు. చెబితే పోలీసులు వస్తారని, నోరు మెదపవద్దని పెద్దలు అంటున్నారు. చట్టం ఏమంటుంది?
(కందుకూరు ప్రాంతం నుంచి ఒక ఉపాధ్యాయుడు)

సమాధానం: రాత్రిపూట వెతుకుదామన్న మాట ముందు మానిపించండి. పగలు చేయలేని పని అని వారే ఒప్పుకున్నట్లవుతుంది. అది గుడి కోనేరైతే దేవాదాయ శాఖ ఉంది. రక్షిత కట్టడమైతే పురావస్తు శాఖ అనుమతి లేకుండా గునపం దించడమే నేరం. మోటుపల్లిలో కాకతి గణపతిదేవుని అభయ శాసనం ఉన్న గుడి పరిసరాల వంటి చోట్ల, యంత్రాన్ని సంచిలో నుంచి తీయకపోవడమే మేలు.

ఇక మీ మూడు నాణేల సంగతి. మన దేశంలో నేటికీ అమలులో ఉన్నది 1878 నాటి గుప్తనిధుల చట్టం. నేలలో గాని, నేలకు అంటి ఉన్న కట్టడంలో గాని దాగి ఉన్న, విలువ గల వస్తువు ఏదైనా దాని దృష్టిలో నిధే. విలువ పది రూపాయలు దాటితే, దొరికినవాడు వీలైనంత త్వరలో జిల్లా కలెక్టరుకు రాతపూర్వకంగా తెలియజేయాలి. ఏమి దొరికింది, విలువ సుమారు ఎంత, ఎక్కడ, ఏ తేదీన అన్నవి అందులో ఉండాలి. ఆ వస్తువును ప్రభుత్వ ఖజానాలో అప్పగించాలి, లేదా అడిగినప్పుడు చూపిస్తానని పూచీ ఇవ్వాలి. పది రూపాయల హద్దు ఆనాటి చట్టకర్తలది. 1878లో పది వెండి రూపాయలంటే కూలివాడికి నెలల సంపాదన. నేడు ఒక్క వెండి రూపాయలోని లోహమే ఆ హద్దును ఎన్నో రెట్లు దాటుతుంది. చెప్పకపోతే దొరికినవాడికి రావలసిన వాటా ప్రభుత్వానికి పోతుంది. నేరం రుజువైతే ఏడాది దాకా జైలు గాని, జరిమానా గాని, రెండూ గాని విధించవచ్చు.

పెద్దల భయంలో సగం నిజం కూడా లేదనడానికి అదే చట్టంలోని మిగిలిన భాగం చూడండి. కలెక్టరు ప్రకటన ఇచ్చి, హక్కుదారులు రావడానికి నాలుగు నెలలకు తక్కువ కాని, ఆరు నెలలకు మించని గడువు పెడతారు. యజమాని ఎవరూ తేలకపోతే, ముందుగా వేరే ఒప్పందం లేని పక్షంలో, నాలుగింట మూడు వంతులు దొరికినవాడికీ ఒక వంతు స్థల యజమానికీ చెందుతాయి. ప్రభుత్వం తానే తీసుకోదలచుకుంటే, లోహపు విలువకు అయిదవ వంతు కలిపి చెల్లించాలి. చెప్పినవాడికి చట్టం ఇంత ఇస్తున్నది, దాచినవాడి చేతిలో ఏమీ మిగల్చడం లేదు. మూడు నాణేలు దాచినవా, ఎవరి మొల నుంచో జారినవా అన్న వాదానికి చోటు ఉన్నది, నిజమే. జారినది నిధి కాదని ఒక న్యాయవాది చక్కగా వాదించగలడు. కాని రాళ్ల సందులో, ఒకే చోట, మూడు వెండి నాణేలు అంటున్నారు. ఆ తీర్పు మీరూ నేనూ చెప్పే కన్నా, తహసీల్దారుగారి ద్వారా కలెక్టరుకు ఒక కాగితం పంపి, నకలు మీద ముద్ర వేయించుకొని ఇంట్లో పెట్టుకోవడం క్షేమం. పిల్లలు మైనర్లు కనుక పెద్దవారెవరైనా సంతకం చేయండి.

వందేళ్లు నిండిన నాణెం 1972 నాటి పురావస్తువుల చట్టం కిందికి కూడా వస్తుంది. లైసెన్సు లేనివారు వాటితో వ్యాపారం చేయరాదు, లైసెన్సు ఉన్నా వాటిని దేశం దాటించరాదు. పై ఉత్తరంలోని కొడవలూరు పాఠకుడు కూడా, పాతది ఏదైనా దొరికినప్పుడు, డిటెక్టర్ తెచ్చిన కృతజ్ఞతతో దుబాయి బావగారికి కానుకగా పంపకూడదు. చిల్లి కానికి ఇంకా ఆ వయసు రాలేదు.

ఈ చట్టం లేని రోజులలో ఏమయ్యేదో నెల్లూరే సాక్ష్యం. 1786 ప్రాంతంలో నెల్లూరు దగ్గర ఒక రాళ్ల గుట్ట వాలులో దున్నుతున్న రైతు నాగలికి ఇటుక కట్టడం తగిలింది. తవ్వి చూస్తే చిన్న గుడి శిథిలం, దాని కింద ఒక చిన్న కుండ, కుండ నిండా రోము చక్రవర్తుల బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్, ఫాస్టినా రాణి బొమ్మలున్నవి, 2వ శతాబ్దానివి. కొన్ని నిన్ననే టంకశాల నుంచి వచ్చినట్లు తళతళలాడుతుండగా, మరికొన్ని అరిగి, మెడలోనో దండకడియంగానో వేసుకోవడానికి చిల్లులు పడి ఉన్నాయి. ఆ రైతు వాటిని పాత బంగారం కింద అమ్మివేశాడు, చాలా భాగం కరిగిపోయాయి. ఆర్కాటు నవాబు కుమారుడు అమీరుల్ ఉమరా ముప్పైకి పైగా చేజిక్కించుకోగా, అప్పటి మద్రాసు గవర్నరు అలెగ్జాండర్ డేవిడ్‌సన్‌కు వాటిలో రెండు ఏరుకొనే అవకాశం దక్కింది. ఒక హేడ్రియన్‌నూ ఒక ఫాస్టినానూ ఎంచుకున్నానని ఆయనే 1787లో రాసిన ఉత్తరంలో చెప్పుకున్నాడు. ఆ ఉత్తరం వల్లనే మనకు ఈ కథ తెలిసింది. గుట్ట పేరు అందులో లేదు. ఏ గుట్టో తెలిసి ఉంటే, మిరియాలకో నూలుబట్టకో బదులుగా వచ్చిన ఆ బంగారం పెన్న లోయలోకి ఏ దారిన వచ్చిందో అడగడానికి ఒక చోటు ఉండేది. మీ ఊరి కోనేటి మెట్లలో ఎన్నవ మెట్టు కింద, ఏ మూల, ఎంత లోతులో నాణేలు దొరికాయో పిల్లలను మళ్లీ అడిగి, ఒక పటం గీయించి ఆ కాగితానికి జతచేయండి. పదేళ్ల పిల్లలు ఇటువంటివి పెద్దల కన్నా కచ్చితంగా చెబుతారు.

ప్రశ్న: పాకల సముద్రంలో స్నానం చేస్తుండగా మా తమ్ముని కాలికి బంగారు ఉంగరం తగిలింది. లోపలి వైపు రెండు ఇంగ్లీషు అక్షరాలు, ఒక తేదీ చెక్కి ఉన్నాయి. సముద్రుడు ఇచ్చినది కనుక మాదేనని అమ్మ అంటున్నది. పాత నాణేలకు లక్షలు ఇస్తామని తమ్ముని ఫోనుకు ప్రకటనలు కూడా వస్తున్నాయి, వాటిలో ఈ ఉంగరాన్ని పెట్టవచ్చునా?
(సింగరాయకొండ నుంచి ఒక పాఠకురాలు)

సమాధానం: ముందు ప్రకటనల సంగతి. ముందుగా నమోదు రుసుము కట్టమని, పన్ను కట్టమని అడిగేవారందరూ మోసగాళ్లే. పాత నాణేల అమ్మకానికి తన పేరు వాడుకుంటున్నారని, తాను అటువంటి వ్యవహారాలు చేయనని, రుసుములు అడగనని రిజర్వు బ్యాంకు 2021 ఆగస్టులోనే ప్రకటించింది.

ఉంగరం నిధి కాదు, పోయిన సొత్తు. అక్షరాలూ తేదీ చెక్కి ఉన్నప్పుడు యజమానిని కనుగొనే దారి ఉన్నట్లే. ఆ దారి ప్రయత్నించకుండా సొంతం చేసుకోవడాన్ని భారతీయ న్యాయ సంహిత 314వ సెక్షన్ శిక్షించదగిన నేరంగా చూస్తుంది. దగ్గరి పోలీసు స్టేషనులో అప్పగించి రసీదు తీసుకోండి. రేవు దగ్గరి టీ బంకుల వారికి ఉంగరం దొరికిందని మాత్రమే చెప్పండి, అక్షరాలూ తేదీ చెప్పవద్దు. వచ్చి అడిగినవారి నోటి నుంచే అవి రావాలి. ఆ తేదీ పెళ్లి తేదీ అయి ఉంటుంది. అమ్మగారికి ఆ మాట చెప్పి చూడండి.